ఎడమ తంత్రి కదలడం లేదు

ముద్దనూరు
21-8-1994

నూరుల్లా మామాకు,

ఎప్పుడూ బజారులోని ఎస్టీడీ బూతు నుంచి ఫోన్‌లో అరిచేవాడు, ఈసారి కవరు పంపాడేమిటా అనుకుంటావు. అరవడానికి గొంతు లేదు మామా. రెండు నెలలవుతోంది.

జూన్‌లో జమ్మలమడుగులో సభ. మా పెద్దాయన వచ్చేదాకా మైకులో జనాన్ని కూర్చోబెట్టే పని నాదే కదా. పదేళ్లుగా పార్టీ జీపు ఏ ఊళ్లో తిరిగినా అందులోని గొంతు నాదే. ఆ రోజు ‘సోదర సోదరీమణులారా’ అనబోయాను. సగంలో మాట ఆగి గాలి మాత్రం వచ్చింది. జనం నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత మంచినీళ్లు తాగితే అవి అడ్డదారిన పోయి ఊపిరాడలేదు.

ప్రొద్దుటూరులో డాక్టరుకు చూపించాను. గొంతు అలిసింది, నెల రోజులు నోరు మూసుకో అన్నాడు. మూసుకున్నాను. ఆవిరి పట్టాను, మిరియాల కషాయం తాగాను. నెల దాటింది. ఇప్పుడు నేను మాట్లాడితే పక్కనున్నవాడు చెవి ఒగ్గాలి. మొన్న పులివెందుల నుంచి వస్తూ బస్సు ఆపమని కండక్టరును పిలవలేక రెండు మైళ్లు ముందుకు పోయి దిగాను. రాత్రుళ్లు దగ్గుతుంటే మా పెంచలమ్మ లేచి కూర్చుని, “ఇది మనిసి దగ్గు మాదిరి లేదయ్యా, ఎద్దు దగ్గినట్టుండాది” అంటుంది.

డిసెంబరులో ఎన్నికలంటున్నారు. నిన్న పెద్దాయన చెన్నకేశవను పంపాడు. జీపులో పెద్దాయన వెనక ఒళ్లో తువ్వాలు వేసుకుని కూర్చుంటాడే, అతను. ఆ తువ్వాలు కింద ఏముంటుందో ఎవరూ అడగరు. మా వాకిట్లో నిలబడే అడిగాడు: “కాటన్నా, నీ గొంతు పోయిందా, అవతలోళ్లకు అమ్మినావా?” నవ్వుతూనే అడిగాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నువ్వు కర్నూలు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తున్నావు. మంచి డాక్టరెవరో చెప్పు.

నీ
కాటమయ్య


కర్నూలు
28-8-1994

కాటమయ్య మామాకు,

నీ గొంతు పోయిందని చదివి ముందు నేనూ నవ్వాను, తప్పయింది. పదో తరగతిలో నువ్వు హాజరు పలికితే పక్క సెక్షన్ మేష్టారు ఉలిక్కిపడేవాడు. ఆ గొంతు పోవడమేమిటి?

వచ్చే నెల పదిహేను, గురువారం రా. ఇక్కడ చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరమ్మ ఉంది. తొందరపడి మందు రాయదు. గొంతులోకి చిన్న అద్దం పెట్టి చూస్తుంది, కడుపు నిండా తిని రావద్దు. నువ్వు రాసినవాటిలో నాకు నచ్చనిది గొంతు బొంగురు కాదు, నీళ్లు అడ్డదారిన పోవడం, ఆ దగ్గు. పెంచలమ్మ చెప్పిన మాట డాక్టరమ్మకు చెప్పాను. ఆమె రాస్తున్న కలం ఆపి, “ఆ మాటే మా పుస్తకాల్లో ఉంది” అంది. బాగా దగ్గాలంటే గొంతులోని రెండు తంత్రులూ గట్టిగా మూసుకోవాలట. ఒకటి మూతపడకపోతే పశువు దగ్గులాగే వస్తుందట.

మొన్న ప్రొద్దుటూరు పోయాను. మా చెల్లెలు సైదున్నీసా ఇంట్లో అమ్మ బాగానే ఉంది. నిన్నే అడిగింది: “కాటయ్య గొంతు ఇనపడక శానా దినాలాయెరా. జీపు వచ్చిందని వాకిట్లోకి పోతే వేరేవాడు ఎవడో అరుస్తాండాడు.” ముద్దనూరు రోడ్డులో జీపు మీద బాంబులు పడి మా లాల్ బాషా అన్న పోయి ఆరేళ్లు దాటింది. నీ గొంతు వింటే అన్న పక్కనే ఉన్నట్టుంటుందట ఆమెకు. మీ ఇద్దరూ ఎప్పుడూ కలిసే తిరిగేవాళ్లు కదా.

గురువారం మరవద్దు. చార్జీలకు ఇబ్బందైతే చెప్పు.

నీ
నూరుల్లా


కర్నూలు
16-9-1994

కాటమయ్య మామాకు,

నిన్న సభ ఉందని నువ్వు ఫిల్ము ఆరకముందే బస్సుకు పరిగెత్తావు. డాక్టరమ్మ చెప్పినవి రాస్తున్నాను, నెమ్మదిగా చదువు.

నీ నాలుక గుడ్డతో పట్టుకుని, అద్దం పెట్టి, ‘ఈ’ అనమన్నప్పుడు ఆమెకు కనిపించింది ఇది. కుడి తంత్రి కదిలి మధ్యకు వస్తోంది. ఎడమ తంత్రి కదలడం లేదు. వాపు లేదు, కాయ లేదు. దాన్ని కదిలించే నరం పడిపోయింది. నువ్వు నెల కాదు, ఏడాది నోరు మూసుకున్నా అది లేవదు.

అందుకే జబ్బు గొంతులో ఉండకపోవచ్చంది. ఆ నరం తలలోంచి తిన్నగా గొంతుకు రాదట. ఎడమవైపుది ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం కింద మలుపు తిరిగి, మళ్లీ మెడ ఎక్కి గొంతు చేరుతుంది. ఈ పొడుగు దారిలో ఎక్కడ దెబ్బ తగిలినా, ఏది ఒత్తినా మాట పోతుంది. మెడలో కాయ కావచ్చు, క్షయ కావచ్చు, ఊపిరితిత్తిలో పుండు కావచ్చు, అన్నవాహికలో గడ్డ కావచ్చు. ఒక్కోసారి జ్వరం తర్వాత ఊరికే పడిపోతుంది, కారణం దొరకదు. నీ మెడ తడిమి చూసింది, ఏమీ లేదు. కళ్లె పరీక్షలో క్షయ లేదు.

ఇక ఛాతీ ఫిల్ము. ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి తీశాను. వాటిని చూసి డాక్టరమ్మ ఒక ప్రశ్న అడగమంది. నేనూ అడుగుతున్నాను. నీకు ఎప్పుడైనా ఛాతీకి ఎడమవైపు దెబ్బ తగిలిందా? ఎప్పుడు, ఎక్కడ, దేనితో? పరీక్షకు చొక్కా విప్పినప్పుడు కాలరెముక కింద చిన్న మచ్చ చూశాను. అది నాకు తెలియని మచ్చ. మైలవరం కాలువలో కలిసి ఈత కొట్టిన రోజుల్లో నీకది లేదు.

జవాబు నువ్వే రాయి. ఎవరిచేతా రాయించకు.

నూరుల్లా


ముద్దనూరు
24-9-1994

నూరుల్లా మామాకు,

ఆ మచ్చకు అంత ఆలోచన ఎందుకు? ఎద్దు పొడిచింది. ఎప్పుడో మరిచిపోయాను. పెంచలమ్మ పసుపు పెట్టి కట్టు కట్టింది, మానిపోయింది. డాక్టరమ్మకు అదే చెప్పు.

ఇక్కడి సంగతి విను. మంగళవారం పెద్దాయన ఇంటికి పిలిపించాడు. మంచం మీద కూర్చుని పళ్లు కుట్టుకుంటున్నాడు. నన్ను కూర్చోమనలేదు. పదేళ్లలో అది మొదటిసారి. “కాటయ్యా, నువ్వు అవతలోళ్ల ఇంట్లో కాపీ తాగినావంట” అన్నాడు. లేదని తల ఊపాను. “నోటితో చెప్పు” అన్నాడు. చెప్పాను. వినపడలేదన్నాడు. మూడుసార్లు చెప్పించుకున్నాడు. చెన్నకేశవ గోడకు ఆనుకుని చూస్తున్నాడు. చివరికి పెద్దాయన, “గొంతు నిజంగా పోయింటే డాక్టరు కాయితం తే. ఎందుకు పోయిందో కూడా రాసుండల్ల” అన్నాడు.

కాబట్టి మామా, కాగితం కావాలి. ఎడమ తంత్రి పడిపోయిందని రాయించు, జ్వరం వల్ల అని రాయించు. నువ్వే చెప్పావు కదా, ఒక్కోసారి కారణం దొరకదని. అలాగే రాయించు. ఫిల్ము మాత్రం ఎవరికీ చూపించకు. నా మంచి కోరేవాడివైతే దాన్ని చించెయ్.

మూడు రోజులుగా మా ఇంటి ఎదురుగా టీ అంగడి బెంచీ మీద ఇద్దరు కూర్చుంటున్నారు. టీ తాగడం లేదు.

నీ
కాటమయ్య


కర్నూలు
3-10-1994

కాటమయ్యకు,

ఎద్దు కొమ్ముకు మేకులు ఉండవు.

ఆ రోజు నీ ఫిల్మును డార్క్‌రూంలో నేనే కడిగాను. ఎర్ర దీపం కింద ముందు పక్కటెముకలు తేలాయి, తర్వాత గుండె. దాని పైన పెద్ద రక్తనాళం వంపు ఉండవలసిన చోట కోడిగుడ్డంత ఉబ్బు. ఆ ఉబ్బును ఆనుకుని తెల్లగా ఒక మేకు. అంగుళం పొడుగు, బల్లపరుపు చదరపు తల. రోజూ నలభై ఛాతీలు చూస్తాను. ఇనుము ఎక్కడున్నా తెల్లగానే కనిపిస్తుంది. కానీ ఆ తల నాకు తెలుసు. ఎద్దుల లాడానికి కొట్టే మేకు అది, నాటుబాంబుల్లో కూరేదీ అదే. అన్న శవానికి గుసుల్ చేయించింది నేను. నీళ్లు పోసి తుడుస్తుంటే వీపులో, మెడలో నా వేళ్లకు తగిలినవి అవే మేకులు. పోస్టుమార్టంలో పదకొండు తీశారు. తీయనివి తీయకుండానే పూడ్చాం.

అన్న పోయినప్పుడు నువ్వు రాలేదు. వల్లూరులో గొర్రెల దగ్గర ఉన్నానన్నావు, కబురు ఆలస్యంగా అందిందన్నావు. నలభయ్యో రోజు ఫాతెహాకు వచ్చావు. ఎడమ చెయ్యి ఎత్తలేకపోయావు. అమ్మ అడిగితే గోడ మీంచి పడ్డానన్నావు. అమ్మ నీ చేతికి నూనె రాసింది.

డాక్టరమ్మ చెప్పింది ఇది. ఆ మేకు రక్తనాళం గోడను గీసింది. గీత పడినచోట గోడ పలచబడి, ఏళ్ల తరబడి నెమ్మదిగా ఉబ్బింది. ఇప్పుడు ఉబ్బు నరాన్ని నొక్కుతోంది. రేపో, పదేళ్లకో అది పగులుతుంది. పగిలితే ఆసుపత్రికి చేరేంత సమయం ఉండదు. స్కానింగుకు, ఆపరేషనుకు హైదరాబాదు పోవాలి.

కాగితం అడిగావు. తప్పుడు కాగితం ఆమె రాయదు. నిజం రాస్తే అందులోని మేకు ఎక్కడిదో మీ పెద్దాయన ఇట్టే పోల్చుకుంటాడు, నీ ఒంట్లో సాక్ష్యం ఉందని తెలిసిపోతుంది.

జీపులో ఉన్నవాళ్లు ముగ్గురు. వాళ్లలో నువ్వు లేవు. మరి ఎక్కడ ఉన్నావు?

నూరుల్లా


వల్లూరు
19-10-1994

నూరుల్లాకు,

నిన్ను మామా అని పిలిచే హక్కు ఈ ఉత్తరం చదివాక ఉంటుందో లేదో, అందుకే పిలవడం లేదు.

టీ అంగడి బెంచీ మీదివాళ్లు నలుగురయ్యారు. తెల్లవారుజామున పెంచలమ్మ, నేను గొర్రెల మంద వెనకే నడిచి ఆమె పుట్టింటికి వచ్చాం. నీ ఉత్తరం మడిచి తలపాగాలో పెట్టుకుని వచ్చాను.

నేను రోడ్డు మీద ఉన్నాను.

పంచాయతీ ఎన్నికల నామినేషన్లకు ఆఖరి రోజు. అవతలి పక్షం మనిషిని ఆఫీసుకు చేర్చడానికి లాల్ బాషా జీపును బాడుగకు మాట్లాడారు. పొద్దున్నే పెద్దాయన నన్ను పిలిచి, “జీపు ఎవురికీ ఆగదు. నీకు ఆగుతాది. వంక దగ్గర నిలబడి కేకేయి. మావోళ్లు కాయితాలు గుంజుకోని పంపిస్తారు. మనిసి మీద చెయ్యి పడదు” అన్నాడు. బాషాకు ఏమీ కాదని నేను మూడుసార్లు చెప్పించుకున్నాను. పెద్దాయన నా భుజం మీద చెయ్యేసి, “వాడు నాకూ బిడ్డ మాదిరే” అన్నాడు.

నమ్మానా? నమ్మాను. నమ్మాలని ఉండి నమ్మాను. అప్పటికే పార్టీ జీపుకు, మైకుకు, జనం నా పేరు పిలవడానికి రుచి మరిగాను. మళ్లీ గొర్రెల వెంట తిరిగే కాటయ్యగా మారదలచుకోలేదు.

జీపు దుమ్ము లేపుకుంటూ వేగంగా వస్తోంది. నేను రోడ్డు మధ్యకు పోయి “ఓ బాషా!” అని కేక వేశాను. బ్రేకు వేశాడు. జీపు నాకు పది అడుగుల దూరంలో ఆగింది. కాగితాల కోసం ఎవరూ రాలేదు. కంప చెట్ల వెనక నుంచి చెన్నకేశవ, ఇంకొకడు లేచారు. మొదటి బాంబు వేసింది చెన్నకేశవ. నేను ఇంకా జీపు దగ్గరే ఉన్నానని వాళ్లకు తెలుసు. ఆగలేదు.

జమ్మలమడుగులో ఒక కాంపౌండరు కుట్లు వేశాడు. లోపల ఏమీ లేదన్నాడు. కేసు వచ్చినప్పుడు ఎవరూ ఏమీ చూడలేదన్నారు. నేనూ అన్నాను. ఆ నెలలోనే పెద్దాయన నాకు కొత్త మైకు సెట్టు ఇచ్చాడు.

మీ అమ్మ నూనె రాసిన రోజు చెప్పాలని నోరు తెరిచాను. ఆమె చెయ్యి వేడిగా ఉంది. చెప్పలేదు. ఆ తర్వాత ప్రతి ఏడూ చెప్పడం ఇంకా కష్టమైంది.

ఫిల్ము నీ దగ్గరుంది. పోలీసులకు ఇస్తావో, పెద్దాయనకు పంపుతావో, నీ ఇష్టం. నేను ఇక్కణ్ణించి పారిపోను.

కాటమయ్య


కర్నూలు
27-10-1994

కాటమయ్యకు,

నీ ఉత్తరం ఆసుపత్రి మెట్ల మీద చదివాను. చదివాక డ్యూటీకి పోలేదు. తుంగభద్ర ఒడ్డున సాయంత్రం దాకా కూర్చున్నాను. నీ ఉబ్బు దానంతట అదే పగిలేదాకా ఊరుకుంటే చాలు కదా అనిపించింది. అనిపించిందని నీకు తెలియాలి.

చెన్నకేశవ నిన్న ఆసుపత్రికి వచ్చాడు. నేను ఎవరి తమ్ముణ్ణో అతనికి తెలియదు. “కాటమయ్యది ఎక్సరే తీసినారంట గదా. ఆ పిలుము మాకు గావల్ల, పెద్ద డాక్టరుకు చూపిస్తాం” అన్నాడు. భుజం మీద నువ్వు రాసిన అదే తువ్వాలు, దానితోనే పోల్చుకున్నాను. అన్నను చంపిన చెయ్యి నా టేబుల్ మీద, నా చేతికి జానెడు దూరంలో ఉంది. “మందు నీళ్లు పాతవి, ఫిల్ము చెడిపోయింది, పారేశాను” అన్నాను. అతను గది నాలుగు మూలలా చూసి, “మళ్లీ తీసినప్పుడు చెప్పు” అని వెళ్లాడు. మళ్లీ వస్తాడు.

ఫిల్ములు డాక్టరమ్మ బీరువాలో ఉన్నాయి. ఆమెకు అన్నీ చెప్పాను. హైదరాబాదుకు ఉత్తరం రాసిచ్చింది. నువ్వు మనసు గట్టి చేసుకునేదాకా ఆగే జబ్బు కాదు ఇది.

రెండు పనులున్నాయి, ఆపరేషను, సాక్ష్యం. ఏది ముందో నువ్వే తేల్చుకో. ఆపరేషను బల్ల మీద పోయే ప్రమాదం కూడా ఉంది. పోతే నీతోపాటు సాక్ష్యం పోతుంది. కడపలో మేజిస్ట్రేటు ఉన్నాడు. నీకు గొంతు లేకపోతే చెయ్యి ఉంది. నువ్వు నాకు రాసింది ఆయనకూ రాయగలవు.

నిన్ను క్షమించానని అనుకోవద్దు. అది ఎలా చేస్తారో నాకు తెలియదు. అమ్మకు చెప్పలేదు, చెప్పను. చెప్పవలసింది నువ్వు.

నేను వచ్చే వారం శుక్రవారం కడప బస్టాండులో ఫిల్ములతో ఉంటాను. పొద్దున పదకొండు దాకా చూస్తాను. దారిలో ఎవరు పిలిచినా దిగవద్దు.

నూరుల్లా


కడప, సెంట్రల్ జైలు
13-3-1996

నూరుల్లాకు,

మొన్న పొద్దున నీ సాక్ష్యం కాగానే డ్యూటీ ఉందని బస్సెక్కావు. తర్వాత జరిగింది సైదున్నీసా నీకు చెప్పే ఉంటుంది. అయినా నా చేత్తో రాయాలనిపించింది.

నువ్వు వెళ్లాక డాక్టరమ్మను బోను ఎక్కించారు. పెద్దాయన తరఫు ప్లీడరు, ఈ సాక్షి మూగతనం నటిస్తున్నాడన్నాడు. ఆమె, “మాట నటించవచ్చు. తంత్రి చేత నటింపజేయలేరు. ఆపరేషనుకు ముందు మూడుసార్లు, తర్వాత రెండుసార్లు చూశాను. అది కదల్లేదు” అంది. హైదరాబాదులో నా రక్తనాళానికి గుడ్డగొట్టం వేసి కుట్టిన డాక్టరు కాగితం చదివారు. తీసిన మేకును సీసాలో చూపించారు. పోస్టుమార్టం మేకులు పదకొండూ పక్కన పెట్టారు. పన్నెండూ ఒక్క తీరుగా ఉన్నాయి. నరం అన్ని నెలలు నలిగింది కాబట్టి గొంతు ఇక రాదని కూడా డాక్టరమ్మ చెప్పింది.

తర్వాత నన్ను పిలిచారు. నేరం ఒప్పుకుని అప్రూవరుగా మారినప్పటి నుంచి ఎదురుచూసిన రోజది. మాట లేనివాడు కోర్టులోనే రాసి ఇస్తే అదీ సాక్ష్యమే అని జడ్జిగారు చెప్పి తెల్ల కాగితాలు ఇప్పించారు. సర్కారు ప్లీడరు అడుగుతాడు, నేను రాస్తాను, గుమాస్తా చదువుతాడు. చెన్నకేశవ బోనులోంచి నా చేతివంకే చూస్తున్నాడు. పోయిన నెలలో వల్లూరులో మా గొర్రెల దొడ్డికి నిప్పు పెట్టిందెవరో అతనికి తెలుసు. పెంచలమ్మ ప్రాణంతో ఉంది, ముప్ఫై గొర్రెలు లేవు. ఆమె ఎక్కడుందో నీకు కూడా రాయను.

“జీపు ఆపింది ఎవరు?” అని అడిగాడు. ‘నేను’ అని రాశాను. గుమాస్తా చూసి ఆగిపోయాడు. జడ్జిగారు గట్టిగా చదవమన్నారు. “నేను” అన్నాడు గుమాస్తా. వేరేవాడి గొంతులో ఆ మాట విన్నాను. వెనక బెంచీ మీద మీ అమ్మ కూర్చుని ఉంది. ఆమె తల ఎత్తలేదు.

తీర్పు ఈ నెలాఖరుకు, అప్పటిదాకా అప్రూవరును వదలరట. ఏ తీర్పు వచ్చినా నాకు బయట చోటు లేదని కానిస్టేబుళ్లే అంటున్నారు. అది వదిలెయ్.

సాయంత్రం నన్ను వ్యానెక్కించడానికి వరండాలోకి తెచ్చారు. మీ అమ్మ స్తంభం పక్కన నిలబడి ఉంది. సైదున్నీసా చెయ్యి పట్టుకుని ఆపబోయింది, విడిపించుకుని వచ్చింది. కొడుతుందనుకున్నాను. ఆమె కొట్టాలనే కోరుకున్నాను. దగ్గరికి వచ్చి, “జీపు ఆపినాక నా బిడ్డ ఏమన్నా అన్న్యాడా?” అని అడిగింది.

జేబులోంచి కాగితం తీశాను. రాశాను. ఆమె దాన్ని తిప్పి చూసి నాకే తిరిగిచ్చింది. “నాకు సదువు రాదు కాటయ్యా. నోటితో చెప్పు” అంది.

కానిస్టేబుల్ సంకెల కొంచెం వదులు చేశాడు. వంగి ఆమె చెవి దగ్గర నోరు పెట్టాను. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క గుక్క తీసుకుంటూ చెప్పాను: “నవ్వినాడమ్మా. ‘ఎండలో నిలబడినావేంది, ఎక్కు’ అన్న్యాడు.”

ఆమె కొంగు చెవి మీంచి పక్కకు తీసి, ఇంకోసారి చెప్పమంది.

చెప్పాను.

కాటమయ్య